గీజరులో బొర్రా గుహలు

అరకు వెళ్లే రైలులో కిటికీ పక్క చోటు దొరికినవారికి సొరంగాలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. అయినా బొర్రా గుహల స్టేషనులో దిగి, కొండ కడుపులోకి మెట్లు దిగి వెళ్లి, ఒకసారి తలెత్తి చూడండి. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కిందనుంచి లేచిన రాతి మొగ్గలు, రెండూ కలిసిపోయి నిలిచిన స్తంభాలు! ఒకచోట శివలింగం, దానిపైన ఆవుపొదుగులాంటి రాయి. ఆ పొదుగునుంచి పుట్టిందనే ఆ నదికి గోస్థని అనే పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. ఆ శిల్పాలన్నీ చెక్కినది నీటిచుక్క. వేల ఏళ్లపాటు ఒక్కొక్క చుక్కే జారి, జారిన ప్రతి చుక్కా కంటికి కనబడనంత సున్నం అక్కడ వదిలి వెళ్లింది.

ఆ రాయిని చూడడానికి అంతదూరం ప్రయాణం అక్కరలేదు. విశాఖపట్నంలో ఏ అపార్టుమెంటులోనైనా మూడు నాలుగేళ్లు వాడిన గీజరును విప్పించి చూడండి. లోపల రాగితీగలా మెరవవలసిన కాయిలు మీద తెల్లగా, గరుకుగా, అరంగుళం మందాన పట్టి ఉంటుంది. మన అమ్మమ్మలు దాన్ని గార అనేవారు. పంటికి పట్టేదీ గారే, గోడకు పూసేదీ గారే, కాగుకు పట్టేదీ గారే. రసాయన శాస్త్రజ్ఞుడు దానికి కాల్షియం కార్బొనేట్ అని పేరు పెడతాడు. గుహలో ఊడకూ, గీజరులో పెచ్చుకూ అతని పుస్తకంలో పేరు ఒకటే.

కొండ ఎలా కరుగుతుంది?

వానచుక్క మబ్బు విడిచేటప్పుడు శుభ్రమైన నీరే. దారిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకుంటుంది. నేలలోకి దిగి, కుళ్లుతున్న ఆకులూ వేళ్లూ ఉన్న మట్టిలో మరికొంత కలుపుకుంటుంది. దానితో ఆ నీటికి కాస్త పులుపు వస్తుంది. మన నాలుకకు తెలియదుగాని రాతికి తెలుస్తుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరిగి, నీటిలో కలిసి, కంటికి కనబడకుండా ప్రయాణం మొదలుపెడుతుంది. ఎక్కడైతే ఆ బొగ్గుపులుసు గాలి నీటినుంచి తప్పించుకుంటుందో అక్కడ రాయి మళ్లీ రాయిగా మారిపోతుంది. గుహలో గాలి తప్పించుకోవడానికి యుగాలు పడుతుంది. గీజరులో పావుగంట చాలు, ఎందుకంటే వేడి తగిలితే ఆ గాలి నీటిలో నిలవదు.

ఇంకొక చిత్రం ఉంది. పంచదార వేడినీళ్లలో త్వరగా, ఎక్కువగా కరుగుతుంది. ఉప్పు కూడా అంతే, కాస్త తక్కువగా. సున్నపురాయి తీరు తలకిందులు. నీరు వేడెక్కినకొద్దీ అది కరిగి ఉండలేదు. కాబట్టి నీళ్లలో ఎక్కడ అన్నిటికన్నా వేడిగా ఉంటుందో, అంటే కాయిలు ఒంటిమీదే, ముందుగా వాలుతుంది.

కాచితే ఇలా పేరుకునే కాఠిన్యాన్ని తాత్కాలిక కాఠిన్యం అని పాఠ్యపుస్తకాలలో మన పిల్లలు బట్టీ పడుతుంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం కాచినా పోవు. అది శాశ్వత కాఠిన్యం. పరీక్షకు ఈ రెండు నిర్వచనాలు చాలు. సంసారానికి ఇంకాస్త తెలియాలి.

ఒక కుళాయి, నాలుగు ఊళ్ల నీళ్లు

విశాఖపట్నానికి నీళ్ల విషయంలో పెద్ద అదృష్టమేమీ లేదు. పక్కనే సముద్రం, వెనుక కొండలు, మధ్యలో మహానది ఏదీ లేదు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ముడసర్లోవ చెరువు పట్టణపు దాహం తీర్చేది. 1933లో ఓడరేవు తెరిచారు, తరువాత నౌకానిర్మాణ కేంద్రం వచ్చింది, చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. ఊరు పెరిగినకొద్దీ నీళ్లకోసం దూరం దూరం వెళ్లవలసి వచ్చింది. గోస్థనిమీద తాటిపూడి, శారదానదిమీద రైవాడ, ఊరి అంచున మేఘాద్రిగెడ్డ, చివరకు ఏలేరు. ఏలేశ్వరం దగ్గరి జలాశయంనుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ తవ్వి తెచ్చిన నీళ్లు అవి. ఉక్కు కర్మాగారానికీ అవే ఆధారం.

గోస్థని అనగానే కంగారు పడకండి. బొర్రాలో సున్నపురాయి కరిగిన మాట నిజమేగాని, ఆ నీళ్లు తాటిపూడి చేరేలోపల ఎన్ని వాగులు కలుస్తాయో, ఎంత వాననీరు కలుస్తుందో! మామూలుగా జలాశయాల్లో నిలిచిన వాననీటికి కాఠిన్యం తక్కువే. నేల లోతుల్లో రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నానిన నీటికే అది ఎక్కువ.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఇవాళ విశాఖలో మధ్యతరగతి కుటుంబం అపార్టుమెంటులో ఉంటుంది. ఆ అపార్టుమెంటుకు కింద ఒక తొట్టి. అందులోకి ఉదయం కాసేపు కార్పొరేషను నీళ్లు వస్తాయి. చాలకపోతే బోరు మోటారు వేస్తారు. వేసవిలో బోరు కూడా మొండికేస్తే టాంకరు వస్తుంది. ఆ టాంకరు ఏ ఊరి బోరునుంచి నింపుకొచ్చిందో తోలినవాడికే తెలియాలి. ఇవన్నీ ఒకే తొట్టిలో కలిసి, మేడమీది టాంకు ఎక్కి, మన స్నానాలగదిలోకి దిగుతాయి. కుళాయి ఒకటే, వచ్చే నీళ్లు మాత్రం సోమవారం ఒక జాతి, గురువారం మరొక జాతి. పూర్వం మన ఊళ్లలో ఇంత అయోమయం లేదు. ఈ నుయ్యి పప్పుకు, ఆ నుయ్యి బట్టలకు, గుడివెనకది తాగడానికి అని ఆడవాళ్లకు లెక్క ఉండేది. బిందె పట్టుకుని అరమైలు నడిచి వెళ్లినా సరే, పప్పునీళ్లు పప్పునీళ్లే. ఆ కష్టం పోయిందని సంతోషించాలి. ఆ లెక్క కూడా పోయిందని ఒప్పుకోవాలి.

ఇక బోరు సంగతి. విశాఖ కొండలు సున్నపురాయి కొండలు కావు. ఖోండలైట్, చార్నొకైట్ అనే గట్టి రాళ్లవి. మొదటిదానికి ఆ పేరు తూర్పు కనుమలలో ఉండే ఖోండు జనంమీదుగా వచ్చింది. ఆ రాళ్లు కూడా శిథిలమయ్యేటప్పుడు కొంత కాల్షియం, మెగ్నీషియం నీటికి ఇస్తాయి. తీరం దగ్గర దానికి సముద్రం తోడవుతుంది.

సముద్రం నేల అడుగున కూడా ఉంటుందని చాలామంది తలచుకోరు. తీరపు ఇసుక నేలల్లో మంచినీరు తేలిక కాబట్టి పైన, ఉప్పునీరు బరువు కాబట్టి కింద ఉంటాయి. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, అది కింద సుమారు 40 అడుగుల లోతువరకు ఉప్పునీటిని అణచిపెట్టి ఉంచగలదు. పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట ఘైబన్, హెర్ట్స్‌బర్గ్ అనే ఇద్దరు ఎవరికి వారు ఈ లెక్క తేల్చారు. దాన్ని తిరగేసి చదవండి. మోటార్లు పెట్టి ఆ పైనున్న ఒక్క అడుగూ తోడేసుకుంటే, కిందినుంచి 40 అడుగుల ఉప్పునీరు లేచి వస్తుంది! గట్టిరాతి నేలల్లో లెక్క ఇంత ముచ్చటగా కుదరకపోయినా, పోకడ మాత్రం అదే.

సముద్రపునీరు లీటరులో మెగ్నీషియం సుమారు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం 400 మిల్లీగ్రాములు. రెండూ కలిపి కాఠిన్యం లెక్కకట్టితే 6,300 పైచిలుకు వస్తుంది. పదిహేను లీటర్ల బిందెడు మంచినీళ్లలో ఒక పెద్ద గ్లాసుడు సముద్రం, అంటే నూటికి రెండు పాళ్లు, కలిసిందనుకోండి. ఆ ఒక్క గ్లాసుకే బిందెలోని నీళ్ల కాఠిన్యం లీటరుకు 125 మిల్లీగ్రాముల దాకా పెరిగిపోతుంది. మన భారతీయ ప్రమాణాల సంస్థవారు తాగునీటికి 200 మిల్లీగ్రాములు దాటకపోతే మేలని, వేరే గతి లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చునని పెట్టారు. బీచిరోడ్డులో సముద్రం కనబడే ఫ్లాటుకు ఖరీదు ఎక్కువ. ఆ సముద్రం కుళాయిలో కూడా కనబడుతుందని అమ్మేవాడు చెప్పడు.

ఇంజనుకు చేసిన మర్యాద

ఈ గారతో పోరాటం మనింట్లో మొదలైంది కాదు. ఆవిరియంత్రం పుట్టినప్పుడే మొదలైంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ప్రతి లోకోషెడ్డులోనూ కొన్ని రోజులకొకసారి ఇంజనును చల్లార్చి, బాయిలరు మూతలు విప్పి, గట్టి ధారతో నీళ్లు కొట్టి లోపలి గారనంతా కడిగేవారు. ఆ పని చేయకపోతే బొగ్గు ఎక్కువ తినడమేగాక, గార కింద దాగిన ఇనుము ఎర్రగా కాలి, మెత్తబడి, ఒకనాడు పగిలేది. పగిలితే మనుషులు మిగిలేవారు కారు. 1841లో స్కాట్లండులో థామస్ క్లార్క్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు నీళ్లలో సున్నం తీయడానికి సున్నమే కలపాలని పేటెంటు పుచ్చుకున్నాడు. సున్నపుతేట ఆ బొగ్గుపులుసు గాలిని పట్టేసుకుంటుంది. ఆధారం పోయిన సున్నపురాయి అడుగుకు చేరుతుంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న మన పెద్దల మాట ఆయన వినకపోయినా, అనుసరించాడు.

1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారంలో మండే కోకును నీళ్లుపోసి చల్లార్చరు. నత్రజనిని పంపి చల్లారుస్తారు. ఆ గాలి మోసుకొచ్చిన వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. అటువంటి బాయిలర్లలోకి కుళాయినీళ్లు వదిలే ధైర్యం ఎవరికీ ఉండదు. లవణాలన్నీ తీసేసిన నీళ్లే పోస్తారు. యంత్రానికి అంత మర్యాద చేసివచ్చిన ఇంజనీరుగారు, ఇంటికి రాగానే గీజరు స్విచ్చి వేసి, అందులో ఏ నీళ్లున్నాయో ఒక్కనాడూ అడగరు. ఆయన్ని అనడమెందుకు, మనమూ అంతే.

గీజరు బిల్లు, గీజరు ప్రాణం

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంట్లో నలుగురు. రోజుకు వంద లీటర్లు కాస్తారు. నీటిలో తాత్కాలిక కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. అంతా పేరుకుంటే రోజుకు 20 గ్రాములు, ఏడాదికి ఏడు కిలోల పైమాట. అదృష్టవశాత్తు అంతా పేరుకోదు. పదోవంతు అంటుకున్నా ఏడాదికి 700 గ్రాములు దాటుతుంది. అంటే కందిపప్పు డబ్బాడు రాయి!

మీ ఇంటికి యంత్రాలు అమ్మవచ్చిన పెద్దమనిషి, ఈ గారవల్ల గీజరు కరెంటు బిల్లు రెట్టింపవుతుందని బెదిరిస్తాడు. అది నమ్మకండి. కాయిలు నీళ్లలో మునిగి ఉన్న గీజరులో పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోవాలి, మరో దారి లేదు. బిల్లు పెద్దగా పెరగదు. దెబ్బ తినేది కాయిలు ప్రాణం. గార దుప్పటి కప్పుకున్న కాయిలు తన వేడి తాను విడవలేక లోలోపల మండిపోయి, పగిలిపోతుంది. అప్పుడు పాతది తీసి కొత్తది వేయిస్తాం, మళ్లీ అదే నీళ్లు పోస్తాం. గాసు గీజరు సంగతి వేరు. అక్కడ మంట బయట ఉంటుంది, నీళ్లు గొట్టంలో ఉంటాయి. గొట్టంలో గార పడితే వేడి నీళ్లకు పోకుండా గాలిలోకి పోతుంది. అందులో బిల్లు నిజంగానే పెరుగుతుంది.

బిల్లుకన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. టాంకు గీజరుకు పక్కన ఒక చిన్న కవాటం ఉంటుంది. లోపల ఒత్తిడి మితిమీరితే తెరుచుకుని నీళ్లు బయటికి వదలడం దాని పని. దానికి గార పట్టి బిగుసుకుపోతే, అదే సమయంలో వేడిని అదుపుచేసే థర్మోస్టాటు కూడా చెడితే, ఆ టాంకు చిన్న బాయిలరే. ఏడాదికొకసారి తెలిసిన మెకానిక్కును పిలిచి ఆ కవాటం పనిచేస్తోందో లేదో చూపించడం కొత్త కాయిలు కొనడంకన్నా ముఖ్యం. అతడు వచ్చినప్పుడే టాంకులోని మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. టాంకు తుప్పుపట్టకుండా తాను అరిగిపోవడమే ఆ కడ్డీ ఉద్యోగం. ఉప్పటి నీళ్లలో అది త్వరగా అరుగుతుంది. అది అరిగిపోయిందని తెలియక ఊరుకుంటే తరువాత అరిగేది టాంకు.

ఇంకొకటి. నీళ్లు 60 డిగ్రీలు దాటాక గార పట్టడం జోరందుకుంటుంది. విశాఖలో చలి ఎంత? స్నానానికి 40 డిగ్రీల నీళ్లు చాలు. గీజరును 75కు తిప్పి పెట్టి, బకెట్టులో సగం చన్నీళ్లు కలుపుకునే అలవాటు మనకు ఎక్కడనుంచి వచ్చిందో! 55 దగ్గర ఉంచితే కాయిలుకు సుఖం, ఒంటికీ సుఖం.

సబ్బు ఎక్కడికి పోతోంది?

బట్టల సంగతి చాకలికి మనకన్నా ఎప్పుడో తెలుసు. సబ్బును కాల్షియం పట్టుకుంటే నురగ రాదు, తెల్లటి జిడ్డు విరుగుడు వస్తుంది. బకెట్టు అంచున చుట్టూ గీతలాగా పట్టేది అదే. ఆ విరుగుడు తయారవడానికి కావలసిన సబ్బంతా ఖర్చయ్యాకనే మురికి వదిలించే సబ్బు మొదలవుతుంది. పూర్వం చాకళ్లు చవుటినేలనుంచి చవుడు తెచ్చి, ఆ నీళ్లలో బట్టలు ఉడకబెట్టేవారు. ఆ చవుడులో ఉండేది సోడియం కార్బొనేట్. అది కాల్షియాన్ని ముందే పట్టి అడుగుకు దింపేస్తుంది. ఇవాళ బజారులో దొరికే చాకలిసోడా చేసేదీ అదే పని. బట్టల పొడులలో కూడా కాల్షియాన్ని పట్టేసే సరుకు ఏదో ఒకటి కలిపే ఉంటుంది. బోరునీళ్ల వారం బట్టలు పాలిపోయి, తువ్వాళ్లు గంజిపెట్టినట్టు బిర్రబిగుస్తున్నాయంటే ఆ సరుకు చాలడం లేదని అర్థం.

తలంటుకు కుంకుడుకాయ ఎంత మేలో ఇక్కడ చెప్పాలి. సబ్బుది కొవ్వుతో చేసిన నురగ, కాల్షియానికి లొంగిపోతుంది. కుంకుడుకాయ నురగ వేరే జాతి, ఉప్పునీళ్లలోనూ లేస్తుంది. సముద్రపు ఒడ్డు పల్లెల్లో తరతరాలుగా తలంటు సాగిందంటే దాని చలవే.

నీళ్లు వేడిచేసే బట్టల యంత్రం, ముందువైపు తలుపున్నది, ఉంటే దానిలోనూ గీజరు కథే. చన్నీళ్లతో ఉతికే యంత్రానికి అంత ప్రమాదం లేదు. దానిలో నీళ్లు వచ్చే గొట్టం దగ్గరి చిన్న జల్లెడ మాత్రం నెలకొకసారి కడగాలి. నీళ్లు రావడంలేదని మెకానిక్కును పిలిచిన ఇళ్లలో ఎన్నిటిలో ఆ జల్లెడే దోషి అయి ఉంటుందో! ఆవిరి ఇస్త్రీపెట్టెలో చిల్లులు మూసుకుపోయి, పట్టుచీరమీద తెల్లటి మచ్చ కక్కే రోజు రాకముందే, దానిలో శుద్ధజలం పోయడం నేర్చుకోవాలి. ఇన్వర్టరు బాటరీకయితే కుళాయినీళ్లు ఎన్నడూ పోయరాదు.

వంటింట్లో మొదటి సాక్షి కందిపప్పు. పప్పుబద్దలో కణాలను అతికి ఉంచే జిగురును కాల్షియం మరింత గట్టిచేస్తుంది. నాలుగు విజిళ్లు వచ్చినా బద్ద బద్దలాగే ఉంటుంది. కోడలికి వంట రాదని తీర్పు చెప్పేముందు అత్తగారు ఆ పూట మోటారు వేశారో లేదో కనుక్కోవడం న్యాయం. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుందిగాని, ఎక్కువ వేస్తే పప్పులోని బి-1 విటమిను పోతుంది. అంతకన్నా నీళ్లు ముందు కాచి, తేర్చి, ఆ తేటలో పప్పు పోయడం మేలు. అల్యూమినియం కుక్కరు అడుగున ఒక చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మచెక్కో వేసే ఆచారం కూడా ఇందుకే పుట్టింది. ఆ పులుపు ఉంటే కుక్కరు నల్లబడదు.

పటిక, చిల్లగింజ కూడా వేసి చూశామంటారు కొందరు. అవి బురదను దింపుతాయి. కరిగి ఉన్న సున్నాన్ని అవి ముట్టవు.

రెండు గ్లాసుల గారడీ

ఇప్పుడు అసలు మోసం దగ్గరికి వద్దాం. ఒక యువకుడు టై కట్టుకుని వస్తాడు. మీ కుళాయినీళ్లు ఒక గ్లాసులో, తన యంత్రపు నీళ్లు ఒక గ్లాసులో పోస్తాడు. కడ్డీలున్న ఒక పరికరం ముంచి కరెంటు ఇస్తాడు. రెండు నిమిషాల్లో మీ గ్లాసు మురుగుకాలవలాగా గోధుమరంగుకు తిరిగి, పైన తెట్టు కడుతుంది. అతని గ్లాసు స్ఫటికంలా ఉంటుంది. "అమ్మా, మీ పిల్లలు తాగుతున్నది ఇదీ!" అంటాడు. తల్లి ప్రాణం ఎలా ఉంటుంది?

ఆ మురికి మీ నీళ్లది కాదు, అతని ఇనుపకడ్డీది. లవణాలున్న నీటిలో కరెంటు పారి ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. అతని నీటిలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు. ఈసారి అతడు వచ్చినప్పుడు అతని గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ కరెంటు ఇమ్మనండి. అదికూడా గోధుమరంగుకే తిరుగుతుంది. అతడు చెప్పులు వేసుకోవడం మీరు చూడవచ్చు.

అలాగే టీ.డీ.ఎస్. మీటరు. అది నీటిలో మొత్తం లవణాలు ఎంతో కరెంటు పారేతీరుబట్టి అంచనా కడుతుంది. కాఠిన్యం చెప్పదు. లీటరు వాననీళ్లలో ఒక గ్రాము ఉప్పు వేస్తే మీటరు వెయ్యి దగ్గర నిలుస్తుంది, గీజరుకు మాత్రం ఆ నీళ్లతో గార పట్టదు. కాఠిన్యం తెలుసుకోవడానికి చుక్కలు లెక్కపెట్టే చిన్న పరీక్షపెట్టె బజారులో దొరుకుతుంది. అదీ వద్దంటే రెండు సీసాలు తీసుకోండి. ఒకదానిలో వాననీళ్లు, ఒకదానిలో కుళాయినీళ్లు సమానంగా పోసి, పాతకాలపు బట్టల సబ్బు కొద్దికొద్దిగా గీరి వేస్తూ కుదపండి. నురగ నిలవడానికి రెండోదానిలో ఎన్నిరెట్లు సబ్బు పట్టిందో అదే మీ జవాబు. ఇది బోరు వేసినరోజు ఒకసారి, కార్పొరేషను నీళ్లరోజు ఒకసారి చేస్తే ఎవరు దోషో తేలిపోతుంది.

ఆర్.ఓ. యంత్రం కాఠిన్యాన్ని తీస్తుంది, నిజమే. తీసినదాన్ని గ్లాసుకు రెండు మూడు గ్లాసుల చొప్పున పక్కగొట్టంలో పారబోస్తుంది కూడా. టీ.డీ.ఎస్. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్నచోట ఈ యంత్రాలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రభుత్వానికి చెప్పింది. 150 కిలోమీటర్ల కాలువలో తెచ్చుకున్న ఏలేరు నీళ్లను అలా కాలవపాలు చేయడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పక్కగొట్టం నీళ్లు పట్టి ఇల్లు తుడవడం మంచిదే. బట్టల యంత్రంలో పోయకండి, కాఠిన్యమంతా చిక్కబడింది వాటిలోనే. ఇంతకూ కాఠిన్యంవల్ల తాగినవారికి చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ హద్దూ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే. ఈ నీళ్లకు శత్రువు మన గీజరు, మన కడుపు కాదు.

అపార్టుమెంటు అంతటికీ కలిపి నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించుకునేవారు ఉన్నారు. అందులోని రెసిను గుళికలు కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. గుళికలు నిండిపోతే ఉప్పునీళ్లతో కడగాలి. పని బాగా చేస్తుంది. రెండు మాటలు మాత్రం సంఘం సమావేశంలో అడగాలి. వంద మిల్లీగ్రాముల కాఠిన్యం తీస్తే 46 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరుతుంది. రక్తపోటున్న పెద్దవాళ్లు తాగే కుళాయికి ఆ లైను కలపకూడదు. గుళికలు కడిగిన ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయని రెండోది. వాననీళ్లు ఇంకే గుంటలోకి పోతే, వచ్చే ఏడు అవి మన బోరులోకే వస్తాయి. గొట్టానికి అయస్కాంతం కడితే చాలునని కూడా అమ్ముతున్నారు. దాని మహిమ గురించి పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగడంలేదు. నా డబ్బయితే నేను పెట్టను.

నిమ్మ ఉప్పు

ఇంతవరకు పట్టిన గారకు మందు కిరాణాకొట్టులోనే ఉంది. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, టీకెటిలులోనో నీళ్లు కాచే రాడ్డు మునిగే పాత్రలోనో గంటసేపు ఉంచండి. రాడ్డుకు కరెంటు తీసేసి సుమా! బుసబుసమని బుడగలు లేస్తాయి. ఎప్పుడో వానచుక్క కొండలోకి మోసుకెళ్లిన బొగ్గుపులుసు గాలే అది, మళ్లీ బయటికి వస్తోంది. తరువాత రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడు మాత్రం యంత్రాలలో పోయకండి, రబ్బరునూ ఉక్కునూ తినేస్తుంది. ఏ పులుపునూ బ్లీచింగు పౌడరుతో కలపకండి, విషవాయువు పుడుతుంది.

స్నానాలగదిలో షవరు చిల్లులు మూసుకుపోతే, ఆ నిమ్మ ఉప్పు నీళ్లనే ఒక ప్లాస్టికు సంచిలో పోసి, షవరు తల మునిగేలా దారంతో కట్టి, రాత్రంతా వదిలేయండి. తెల్లవారి విప్పి పాత బ్రష్షుతో రుద్దితే ధార నిటారుగా వస్తుంది. ఆ నీళ్లు పాలరాతి గచ్చుమీద మాత్రం చుక్క పడనివ్వకండి. పాలరాయి కూడా బొర్రా రాతి చుట్టమే. గారను తిన్న పులుపు దాన్నీ తింటుంది, ఆ మచ్చ ఎంత రుద్దినా పోదు.